ఈస్టు కుడితి

మా కార్ఖానాలో ఎవరూ ఏదీ కడగరు. టీ గ్లాసులు కూడా నేను అరిస్తే తప్ప కడగరు. అలాంటిది ఆ రోజు పొద్దున వెనక షెడ్డు పక్కన మూడు నీలం డ్రమ్ములు శుభ్రంగా తోమి, కడిగి, ఎండకు బోర్లించి ఉన్నాయి. పీచు పెట్టి తోమిన గీతలు కూడా కనబడుతున్నాయి. మనిషి అంత శ్రద్ధగా తోమేది తిండి గిన్నెలనే.

అవి ఖాళీగా ఉండాల్సిన డ్రమ్ములు కావు. ప్రమాదకరమైన వ్యర్థాలను తీసుకుపోయే లారీ మరుసటి రోజు వస్తుందని, పదకొండు డ్రమ్ములూ నిండుగా ఉన్నాయో లేదో చూడటానికి వెళ్లాను. షెడ్డులో ఎనిమిదే ఉన్నాయి. ఎనిమిదో దాని మూత తీస్తే సగానికే ఉంది.

ముందు మా పని సంగతి చెప్పాలి. పత్తికొండకు పది కిలోమీటర్ల దూరంలో, ఎర్రబండపల్లె పొలిమేరలో, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే చిన్న కార్ఖానా మాది. బ్యాటరీలు కడిగిన నీళ్లలో సీసం ఉంటుంది. సున్నం వేస్తే చాలావరకు అడుక్కి దిగుతుంది. దిగనని మొండికేసే కొసరు సీసాన్ని పట్టడానికి నేను ఈస్టును పెట్టాను. ఈస్టంటే మరేం కాదు, బన్ను పొంగడానికి వేసేదే. మా నాన్న ఇమాం బాషాకు పత్తికొండలో బేకరీ ఉంది. ఆ వాసనలోనే పుట్టి పెరిగినదాన్ని, ఎమ్మెస్సీలో ఈస్టు కణానికి సీసం అతుక్కుంటుందని చదివినప్పుడు సొంత చుట్టాన్ని గురించి చదివినంత సంబరపడ్డాను. మూడేళ్లు దీని వెంటపడ్డాను. బెల్లం నీళ్లలో ఈస్టును పెంచుతాం. దాన్ని సీసం నీళ్లలో కలిపి ఒక పూట తిప్పుతాం. ఈస్టు సీసాన్ని పట్టుకొని అడుక్కి దిగిపోతుంది. పైన తేటనీళ్లు, కింద మడ్డి. ఆ మడ్డినే ఈ డ్రమ్ముల్లో పోసి మూతలు బిగిస్తాం. నీళ్లలోని విషం నీళ్లను వదిలిపెట్టి మడ్డిలోకి చేరింది, అంతే. ఎక్కడికీ పోలేదు. ఈ ఒక్క ముక్క నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

చెప్పింది వేరే. ఏడు నెలల కిందట ఈస్టు తొట్టి మొదలుపెట్టినప్పుడు ఆ పుల్లటి వాసనకు ఊరంతా వచ్చి గేటు ముందు నిలబడింది. ఏం మందు కలుపుతాండారు, మా బోర్లు ఏం గావల్ల అని కేకలు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. వాళ్లకు నిదానంగా వివరించే ఓపిక లేక, లోపలికి పోయి తాజా ఈస్టు ఒక గ్లాసులో పట్టుకొచ్చి, అందరూ చూస్తుండగా రెండు చెంచాలు నోట్లో వేసుకున్నాను. "ఇది మందు కాదు, తిండి. మీ పిల్లోళ్లు తినే బన్నులో ఉండేది ఇదే" అన్నాను. కేకలు ఆగిపోయాయి. మా యజమాని భూపేష్ రెడ్డి దాన్ని ఫోన్లో తీసి తెలిసినవాళ్లందరికీ పంపుకున్నాడు. ముందు వరసలో నిలబడిన నాగలక్ష్మమ్మ, నాలుగు గేదెలు పెట్టుకొని ఊళ్లో ఇంటింటికీ పాలు పోసే ఆమె, తానూ గ్లాసులో వేలు ముంచి నాకి చూసింది. "పులిసిన కుడితి మాదిరి ఉండాదే! మా ఎనుములైతే ఎగబడి తాగుతాయి" అంది. అందరం నవ్వాం. గెలిచానన్న మిడిసిపాటుతో నేను కాస్త ఎక్కువే నవ్వాను.

ఇక డ్రమ్ముల మీద ఏమి రాయించానో కూడా చెప్పాలి కదా. 'హజార్డస్' అని ఇంగ్లీషులో, ఎర్ర రంగుతో, అందంగా రాయించాను. తెలుగులో రాసి పుర్రె బొమ్మ వేద్దామంటే ఊరివాళ్లు బెదురుతారని భూపేష్ వద్దన్నాడు. నేను సరేనన్నాను. ఇంగ్లీషులో రాస్తే విషం కూడా మర్యాదగా కనిపిస్తుంది.

"కంబన్నా!" అని గట్టిగా పిలిచాను.

కంబన్న తొట్ల దగ్గర పనిచేస్తాడు. కోసిగి అవతల పల్లె అతనిది. ఏటా పెళ్లాం పిల్లలతో సుగ్గికి పోయేవాడు. మిరపకోతలకు గుంటూరు దిక్కు వలస పోవడాన్ని వాళ్లు సుగ్గి అంటారు. ఈ పని దొరికాక, ఈ ఏడు వాళ్లను ఊళ్లోనే ఉంచి తానొక్కడే ఇక్కడ ఉంటున్నాడు. చదువు లేదు. అబద్ధం అసలే రాదు.

"ఈ మూడు డ్రమ్ముల మడ్డి ఏమైంది?"

"వాడేసినాం మేడమ్" అన్నాడు నవ్వుతూ. "పారేసేదే గదా."

"ఏం దానికి వాడినావు?"

"నాగలక్ష్మమ్మక్క ఎనుములకు. దినాము మాపటేళ రెండు బకెట్లు టీవీఎస్ మింద పెట్టుకోని పోయి ఇచ్చి వస్తాండా."

"ఎన్ని దినాల నుంచి?"

"ఉగాది ముందర నుంచి. ఇరవై దినాలు అయింటాది." నా ముఖం చూసి అతని నవ్వు తగ్గింది. "ఆయమ్మ నాకు దినాము సంగటి పెడ్తాది మేడమ్. దుడ్లిస్తే తీసుకోదు. గడ్డి ల్యాక ఎనుములు ఎండిపోతాంటే సూడల్యాకపోతి. అంత బెల్లం పోసి పెంచింది లారీకెత్తి పారేస్తారంటే మనసొప్పల్యా."

"అందులో సీసం ఉండాది కంబన్నా!"

"సీసం నీళ్లల్లో గదా? నీళ్లు తేటగా అయిపాయ గదా మేడమ్! ఈస్టు సీసాన్ని తినేస్తాదని మీరే గదా చెప్తిరి. తినేసినాక ఇంకేముంటాది?"

అతన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. మరుక్షణం ఆ కోపం ఎవరి మీద రావాలో తెలిసింది. చెప్పింది నేనే. పనివాళ్లను కూర్చోబెట్టి, బోర్డు మీద బొమ్మ గీసి, ఈస్టు సీసాన్ని గుటుక్కున మింగేస్తుందని చిన్నపిల్లలకు కథ చెప్పినట్టు చెప్పాను. అర్థమయ్యేలా చెప్పానని ఆ సాయంత్రం నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. మింగింది కడుపులోనే ఉంటుందని మాత్రం చెప్పలేదు.

టైము పదకొండున్నర. నాగలక్ష్మమ్మ పొద్దున పాలు ఎప్పుడో పోసేసి ఉంటుంది. మళ్లీ సాయంత్రం నాలుగున్నరకు పితుకుతుంది. గొడ్డు కడుపులో పడ్డ సీసం పాలలోకి దిగుతుంది. పెద్దవాళ్లకంటే చిన్నపిల్లల ఒళ్లు దాన్ని త్వరగా పట్టుకుంటుంది. పట్టుకుంటే మెదడుకు చేటు. ఇవన్నీ పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ ఊళ్లో ఆమె పాలు పోసే ఇళ్లెన్ని అని కంబన్నను అడిగితే వేళ్లు మడిచి పదకొండు అన్నాడు.

కర్నూలులో ఉన్న భూపేష్‌కు ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"సరే, విను" అన్నాడు. "ఈపొద్దు నుంచి ఎనుములకు పోయడం ఆపించు. ఆ మడ్డి చెడిపోయింది, ఇంక ఎనుములకు పెట్టొద్దని చెప్పు. ఆయమ్మ వింటాది. సీసమనే మాట మాత్రం ఎత్తొద్దు."

"ఇరవై దినాలు తాగినాయి సార్. పాలు పదకొండిళ్లకు పోతాండాయి. పిల్లోళ్లకు రక్తపరీక్ష చేయించాల."

"చేయిద్దాం. వచ్చే నెల ఊళ్లో మెడికల్ క్యాంపు పెడదాం, మన పేరు ల్యాకుండా. ఇప్పుడు నువ్వు నోరు జారితే కార్ఖానాకు తాళమే. నలభై మంది పని పోతాది. నీ ఈస్టు కథ కూడా అంతటితో సరి. ఎనుములకు విషం పెట్టిందంట అంటే మల్ల దాన్ని ఎవడు ముట్టుకుంటాడమ్మా?"

నలభై మంది సంగతి కాదు, ఆ చివరి మాటే నన్ను పట్టుకుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మూడేళ్ల పని. పైగా ఆయన చెప్పేదాంట్లో ఒక న్యాయం ఉన్నట్టే తోచింది. పోయడం ఆగితే సీసం ఆగుతుంది. సీసమని చెప్పినా చెప్పకపోయినా ఆగడం ఆగుతుంది కదా. స్కూటీ మీద ఊరికి పోయేదాకా ఇదే లెక్క మనసులో తిప్పుకుంటూ పోయాను. కంబన్న టీవీఎస్ నా వెనకే వచ్చింది.

నాగలక్ష్మమ్మ ఇంటి ముందు వేపచెట్టు కింద నాలుగు ఎనుములు కట్టేసి ఉన్నాయి. మూడు నెమరు వేస్తున్నాయి. నాలుగోది మేత ముందు ఊరకే తల వేలాడేసుకొని ఉంది. వాటికి ఎడంగా, పాక గోడకు నుదురు ఆనించి ఒక దూడ నిలబడి ఉంది. ఆనించడం కాదు, గోడను నెట్టుకుపోవాలని చూస్తున్నట్టు నొక్కుతోంది. మెడలో నిమ్మకాయ కట్టిన దారం ఉంది.

"ఏమైంది దీనికి?" అన్నాను.

"దిష్టి తగిలినట్టుండాది పాపా" అంది నాగలక్ష్మమ్మ లోపలి నుంచి వస్తూ. యాభై ఐదేళ్ల మనిషి, నడుము బిగించి కట్టిన చీర, చేతినిండా పేడ. "మూడు దినాల నుంచి కండ్లు కనపడనట్టు చేస్తాండాది. దా, కూర్చో. ఏమి, ఇంత ఎండలో వస్తివి?"

సీసం పట్టిన దూడలు చూపు పోయి గోడకు తల ఆనిస్తాయని నేను చదివాను. చదవడం వేరు, చూడటం వేరు.

"అత్తా, కంబన్న తెచ్చే మడ్డి చెడిపోయింది. ఇంక ఎనుములకు పెట్టొద్దు" అన్నాను. భూపేష్ నేర్పిన మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చెప్పలేను.

"అట్లనా? అందుకేనేమో దూడకు పడల్యా. సరేలేమ్మా, పెట్టను" అంది ఆమె. అంతే. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నీళ్లచెంబు తెచ్చి నా చేతికి ఇచ్చింది. కంబన్న నా వైపు చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చొని నీళ్లు తాగాను. లేచి పోతే అయిపోయేది.

అప్పుడు గడపలోకి హర్షిణి వచ్చింది. నాగలక్ష్మమ్మ మనుమరాలు, నాలుగేళ్లది. తల్లిదండ్రులు ఆదోనిలో జిన్నింగు మిల్లు పనికి పోతారు కాబట్టి అవ్వ దగ్గరే ఉంటుంది. చేతిలో తనకు మించిన స్టీలు గ్లాసు, పైపెదవి మీద తెల్లటి మీసం. "అక్కా, ఈస్టు తింటావా?" అని నన్ను ఆటపట్టించి, మళ్లీ గ్లాసు ఎత్తింది.

"తాగొద్దు!" అని అరిచాను. పిల్ల బెదిరి గ్లాసు వదిలేసింది. పాలు గడప మీంచి కిందికి పారాయి.

"ఏమైందమ్మా నీకు? పిల్లను జడిపిస్తివే!" అంది నాగలక్ష్మమ్మ.

చెప్పాను. అంతా చెప్పాను. సీసమని, ఆ మడ్డి నిండా సీసమేనని, అది ఎనుముల ఒంట్లోకి, పాలలోకి వచ్చి ఉంటుందని, పాలు తాగిన పిల్లలందరినీ ఆసుపత్రికి తీసుకుపోవాలని. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నా అరుపుకు పక్కిళ్ల ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

నాగలక్ష్మమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. నా మీద ఇందాక ఉన్న ఆదరం ఆ ముఖంలో లేదు.

"ఇప్పుడే చెడిపోయిందంటివి. అంతలోనే సీసమంటివి. ఏది నిజమమ్మా?"

"సీసమే నిజం అత్తా. ఇందాక అబద్ధం చెప్పినా."

"అబద్ధం చెప్పినానని నువ్వే అంటాంటివి. మల్ల దీన్ని యాల నమ్మాల?" గుంపు వైపు తిరిగింది. "మేము ఊరికే తెచ్చుకుంటాండామని రెడ్డికి కడుపుమంట. పనికొస్తాదని తెలిసె, ఇంక మూటలు గట్టి అమ్ముకోవల్లనుకుంటాండారు. అందుకే ఈ పాపను తోలినారు."

"అదే అయింటాది" అన్నారెవరో.

"అది గాదక్కా, మేడమ్ చెప్పేది..." అని కంబన్న నోరు విప్పబోతే, "నువ్వుండప్పా" అని అతన్నీ అణిచేసింది. పాక మూలకు పోయింది. నిన్నటి బకెట్టు అడుగున ఇంకా మిగిలి ఉంది. దాన్ని తెచ్చి నా ముందు పెట్టి, లోపలి నుంచి చెంచా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆపొద్దు గేటు ముందర రెండు చెంచాలు తిన్యావు. ఊరంతా చూసినాం. నీకేమీ కాల్యా. ఈపొద్దు గూడ తిను. నువ్వు తింటే ఈ సీసం మాట రెడ్డి చెప్పిచ్చిన అబద్ధం. తినకపోతే నువ్వు చెప్పేది నిజం."

బకెట్టులోంచి అదే వాసన వచ్చింది. పుల్లగా, బెల్లం తగిలిన వాసన, మా నాన్న బేకరీలో తెల్లవారుజామున వచ్చే వాసన. విషమని చెప్పే గుర్తు ఒక్కటి కూడా దాంట్లో లేదు. ఒక్క చెంచాకు నేనేమీ చావను, ఆ సంగతి నాకు తెలుసు. కానీ నేను తింటే ఆ సాయంత్రం పదకొండు ఇళ్లకు పాలు పోతాయి. తినకపోతే, నేను నోట పెట్టనిదాన్ని వీళ్ల గొడ్ల నోట్లో పోయించానని అందరి ముందూ ఒప్పుకున్నట్టు. నా జీవితంలో అంత సిగ్గుపడింది లేదు.

"నేను తినను" అన్నాను. "ఆపొద్దు తిన్నది వేరే. అది సీసంలో వెయ్యకముందుది. నేను దాన్ని చూపిచ్చి మీతో దీన్ని నమ్మిచ్చినా. నేను తినను అత్తా. మీరు గూడ ఎవురూ ముట్టుకోవద్దు."

చెంచా కింద పెట్టేశాను. నాగలక్ష్మమ్మ నా చేతి వైపు, తరువాత దూడ వైపు చూసింది. అది ఇంకా గోడను నెడుతూనే ఉంది. ఆమె నెమ్మదిగా కూలబడి, హర్షిణిని దగ్గరికి లాక్కొని, కొంగుతో ఆ పిల్ల పెదవులు తుడిచింది. ఒకసారి తుడిచి ఊరుకోలేదు. ఎర్రబడేదాకా తుడుస్తూనే ఉంది. పిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఎన్ని దినాలు తాగినాయి?" అని అడిగింది ఎవరినో అడిగినట్టు. తానే జవాబు చెప్పుకుంది. "ఇరవై."

కంబన్న తల బాదుకోవడం మొదలుపెట్టాడు. "నేనే తెచ్చినా అక్కా, నేనే తెచ్చినా" అని ఏడ్చాడు. ఆమె అతని చెయ్యి పట్టుకొని ఆపింది.

"నీకేం తెలుసప్పా, నోరుల్యాని గొడ్లను చూసి ఇస్తివి" అంది. తరువాత నాతో, "లే. పదకొండిళ్లు ఉండాయి. పోదాం" అంది.

"మీరుండండత్తా. నేను పోయి చెప్తా. తప్పు నాది."

"పాలు పోసింది నేను. నన్ను చూసి తీసుకున్నారు గానీ నిన్ను చూసి గాదు. నేను చెప్తా. అదేందో నువ్వు చెప్పు."

మొదటి ఇల్లు యేసుప్రసాద్‌ది. ఆటో తోలే మనిషి, ఇద్దరు పిల్లలు. నాగలక్ష్మమ్మ గుమ్మం బయటే నిలబడింది. "నా పాలు తాగొద్దు. ఉంటే పారేయండి. ఎనుములు తినగూడనిది తిన్నాయి" అంది. ముప్పై ఏళ్లుగా పాలు పోసి బతికిన మనిషి ఆ మాట ఎలా అనగలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అని, నా వైపు చూసింది. సరిగ్గా అప్పుడే నా చేతిలో ఫోన్ మోగింది. భూపేష్. చూశాను. కట్ చేశాను. చెప్పాల్సింది చెప్పాను.

యేసుప్రసాద్ కంబన్న చొక్కా పట్టుకున్నాడు. అతని భార్య నన్ను తిట్టిన తిట్లు మళ్లీ రాయలేను. రాసినా తప్పులేదు, అన్నీ నాకు తగినవే. మూడో ఇంట్లో ముసలాయన నవ్వి, ఇన్నేళ్లు పురుగుమందు కొట్టిన టమాటాలు తిన్న ఒళ్లు, సీసం ఏం చేస్తాదిలే అన్నాడు. ఏడో ఇంట్లో బాలింత ఒకామె మాట్లాడకుండా తలుపు వేసుకుంది. కాసేపటికి పిల్లను ఎత్తుకొని చెప్పులేసుకొని బయటికి వచ్చింది, "యాడికి పోవల్ల, పాండి" అంది. పదకొండు ఇళ్లు తిరిగేసరికి ఫోన్ పద్నాలుగు సార్లు మోగింది.

ఎనుములను పితక్కపోతే పొదుగులు గడ్డకడతాయి. అందుకని సాయంత్రం నాగలక్ష్మమ్మ పితికింది. పితికిన పాలు నేలలో పోయనివ్వకుండా డ్రమ్ములోనే పోయించి కార్ఖానాకు పంపించాను. పత్తికొండ నుంచి పశువుల డాక్టరు వచ్చి ఎనుములకు భేది ఉప్పు పట్టించాడు. దూడను చూసి పెదవి విరిచాడు. యేసుప్రసాద్ ఆటోలోనూ, ఇంకొక జీపులోనూ తొమ్మిది మంది పిల్లలను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. నన్ను కొట్టబోయిన మనిషే ఆటో తోలాడు. రక్తం తీసి, సీసం పరీక్షకు హైదరాబాదు పంపాలని, ఐదు రోజులు పడుతుందని చెప్పారు.

ఆ ఐదు రోజుల్లో జరగాల్సినవన్నీ జరిగాయి. కాలుష్య నియంత్రణ అధికారులకు నేనే కాగితం రాసిచ్చాను. కార్ఖానాకు తాళం పడింది. భూపేష్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఫోన్ చేయడం మానేశాడు. దూడ మూడో రోజు చచ్చిపోయింది. కంబన్న ఊరికి పోతూ పోతూ నాగలక్ష్మమ్మ గడపకు దండం పెట్టి పోయాడు. నేను రోజూ ఆ ఊరికి పోయి, రాళ్లు పడినా పడతాయని తెలిసే పోయి, పిల్లలకు కడుపునొప్పి ఉందా, మలబద్ధకం ఉందా, మందంగా ఉంటున్నారా అని ఇల్లిల్లూ అడిగి రాసుకొచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకోక ఏం చేయను?

ఆరో రోజు మధ్యాహ్నం కాగితాలు నా చేతికి వచ్చాయి. ఆసుపత్రి దగ్గర విప్పలేదు. పిల్లల తల్లిదండ్రులంతా నాగలక్ష్మమ్మ ఇంటి ముందు చేరాక, అక్కడే, అందరి ముందే విప్పాను. ముందుగా చూసుకుంటే దాచాలన్న బుద్ధి పుడుతుందేమోనని నా మీద నాకే నమ్మకం లేదు.

"ఐదు లోపల ఉంటే భయం లేదు" అని చెప్పి చదవడం మొదలుపెట్టాను. యేసుప్రసాద్ పెద్దకొడుకు, నాలుగు. చిన్నవాడు, మూడు. బాలింత పిల్ల, రెండు. తల్లి అక్కడే కూర్చొని ఏడ్చేసింది. నాలుగు, మూడు, నాలుగు, నాలుగున్నర, మూడు. ఎనిమిది మందివి చదివేసరికి జనం ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినబడింది. ఎవరో దేవుడికి మొక్కారు. ఇక మిగిలింది ఒక్క కాగితం.

హర్షిణి, ఇరవై రెండు.

కాగితం మీద ఆ రెండు అంకెల మధ్య చుక్క ఉందేమోనని చూశాను. లేదు. రెండు అని చదివేస్తే ఇప్పటికిప్పుడు ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

"హర్షిణికి ఇరవై రెండు" అని చదివాను. "ఇది ఎక్కువ. దీనికి ఇప్పుడు వెయ్యాల్సిన మందంటూ ల్యా. మంచి తిండి పెట్టాల, నెలకొకసారి పరీక్ష చేయించాల. నిదానంగా తగ్గుతాది. కొంత ఎముకల్లో ఉండిపోతాది."

"అదెట్ల?" అన్నాడు యేసుప్రసాద్. ఈసారి గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "అవే ఎనుములు, అవే పాలు. మా పిల్లోళ్లు గూడ పూటపూటా తాగినారు గదా. ఈ పాపకొక్కదానికే యాలొచ్చె?"

పరీక్ష తప్పేమో, మళ్లీ చేయిద్దాం అనబోయాను.

"పరీక్ష తప్పు గాదు" అంది నాగలక్ష్మమ్మ.

ఆమె గడప మీద కూర్చొని ఉంది. హర్షిణి ఒళ్లో ఉంది. పదకొండు ఇళ్లవాళ్లనూ ఒక్కొక్కరినీ చూసి, తల దించుకుంది.

"అవే పాలు గావు. మీ అందరికీ సగానికి సగం నీళ్లు పోసినా. దీనికొక్కదానికే చిక్కటివి తీసిపెట్టినా. మూడు పూటలా, పెద్ద గ్లాసు నిండా."

అవ్వ ఎందుకు ఏడుస్తోందో తెలియక హర్షిణి ఆమె గడ్డం పట్టుకొని ముఖం తన వైపు తిప్పుకుంది.

"అవ్వా, ఈపొద్దన్నా పాలిస్తావా?"